అందరికీ వైద్యం: హామీకి తగిన నిధులు ఎక్కడ?

ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించింది. ఆ గడువు దాటిపోయింది. లక్ష్యం ఇంకా అందలేదు. అదే 2025లో, సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించాలని కోరుతూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద సేవలను నిలిపివేశాయి. చర్చల అనంతరం సేవలు తిరిగి ప్రారంభమయ్యాయి. అయితే ఆ కొద్ది రోజుల్లో కార్డు చేతపట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కిన రోగికి ఎదురైన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ప్రభుత్వం ఇచ్చిన వైద్య హామీ ఎంత గట్టిది? దాని వెనుక ఉన్న నిధులు ఎంతకాలం నిలుస్తాయి?

ఈ ప్రశ్న రెండు తెలుగు రాష్ట్రాలకే పరిమితమైనది కాదు. జనాభా వయసు పెరుగుతూ, దీర్ఘకాలిక వ్యాధులు విస్తరిస్తూ, వైద్య పరిజ్ఞానం నానాటికీ ఖరీదవుతున్న కాలంలో సార్వత్రిక ఆరోగ్య రక్షణను స్వీకరించిన ప్రతి దేశం దీనిని ఎదుర్కొంటున్నదే. సంపన్న దేశాలు ముందు ధనం కూడబెట్టుకుని, ఆ తరువాత వృద్ధాప్యంలోకి అడుగుపెట్టాయి. భారతదేశం ఈ రెండు పనులనూ ఏకకాలంలో చేయవలసి వస్తున్నది. సమస్య బరువంతా ఇక్కడే ఉంది.

లెక్కలు చెబుతున్నదేమిటి?

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం మీద వైద్య, ఆరోగ్య అవసరాలకు జరిగిన వ్యయం 9,04,461 కోట్ల రూపాయలు. ఇందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వాటా సుమారు 4.34 లక్షల కోట్లు, అంటే మొత్తంలో 48 శాతం. 2013-14లో ఈ వాటా 28.6 శాతమే. ఇదే కాలంలో ప్రజలు నేరుగా తమ జేబు నుంచి పెట్టుకునే ఖర్చు మొత్తం వ్యయంలో 64.2 శాతం నుంచి 39.4 శాతానికి తగ్గింది. ఎనిమిదేళ్లలో ఇది చెప్పుకోదగిన మార్పు. అయితే 2021-22 కొవిడ్ మహమ్మారి పీడించిన సంవత్సరమనీ, టీకాలకూ అత్యవసర ఏర్పాట్లకూ ప్రభుత్వాలు అసాధారణంగా ఖర్చు చేశాయనీ గుర్తుంచుకోవాలి.

ఈ అంకెలకు మరో పార్శ్వమూ ఉంది. ఆ ఏడాది ప్రభుత్వ ఆరోగ్య వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. అదే ఏటి లెక్కన 2.5 శాతమంటే దాదాపు 5.9 లక్షల కోట్ల రూపాయలు కావాలి. అంటే లక్ష్యానికీ, వాస్తవానికీ మధ్య లక్షన్నర కోట్ల రూపాయలకు పైబడిన అంతరం ఉంది. మరోవంక, మహమ్మారి వేళ ప్రభుత్వాలు అంతగా ఖర్చు చేసిన సంవత్సరంలోనే ప్రజలు సొంతంగా పెట్టుకున్న వైద్య ఖర్చు మూడున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఖజానా భరించని బరువు ఎక్కడికీ మాయం కాదు. అది కుటుంబాల మీదికి జారుతుంది. బంగారం తాకట్టుగానో, పొలం అమ్మకంగానో, మధ్యలో ఆపేసిన చికిత్సగానో అది బయటపడుతుంది. ప్రభుత్వ వైద్యాన్ని దేశం భరించగలదా అని అడిగేటప్పుడు, ప్రభుత్వ వైద్యం లేకపోతే కుటుంబాలు భరించగలవా అన్న ప్రశ్ననూ పక్కనే ఉంచుకోవాలి.

ఆ భారం ఎంతటిదో జాతీయ నమూనా సర్వే 75వ విడత అంచనా కట్టింది. 2017-18లో ఒకసారి ఆసుపత్రిలో చేరితే ప్రభుత్వ ఆసుపత్రిలో సగటున 4,452 రూపాయలు ఖర్చయితే, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలయ్యేది. ప్రసూతి కేసులను మినహాయిస్తే, ఆసుపత్రిలో చేరినవారిలో సగానికి మించి ఆశ్రయించింది ప్రైవేటు ఆసుపత్రులనే. నిరుపేద కూడా ఏడు రెట్లు ఖరీదైన గుమ్మం తొక్కవలసి రావడానికి కారణం, దగ్గరలోని సర్కారు దవాఖానాలో వైద్యుడో, పరికరమో, మందో లేకపోవడమే.

ఆరోగ్యశ్రీ నుంచి ఆయుష్మాన్ వరకు

చికిత్స ఖర్చు చెల్లించలేడన్న కారణంతో ఏ పౌరుడికీ వైద్యం అందకుండా పోరాదని స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భోర్ కమిటీ సూచించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థకు బీజం పడింది అప్పుడే. కానీ పెద్ద జబ్బులకు ఖరీదైన శస్త్రచికిత్సలు సామాన్యుడికి చాలాకాలం అందని ద్రాక్షలుగానే మిగిలాయి. ఆ లోటును పూరించే ప్రయత్నాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక స్థానముంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆరోగ్యశ్రీ, గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి వ్యాధులకు కార్పొరేటు వైద్యాన్ని పేదల దరికి చేర్చింది. ఆసుపత్రిలో రోగికి దారి చూపే ఆరోగ్యమిత్రలు, చికిత్సకు ముందస్తు అనుమతి, వ్యాధివారీ ప్యాకేజీ రేట్లు వంటి ఏర్పాట్లు ఆ పథకంతోనే తెలుగు ప్రజలకు పరిచయమయ్యాయి.

జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ - ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రారంభమైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, సుమారు 55 కోట్ల మందికి ఆసుపత్రి చికిత్స అందించడం దీని ఉద్దేశం. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా దీన్ని వర్తింపజేశారు. దీనివల్ల సుమారు 6 కోట్ల మంది వయోవృద్ధులకు మేలు కలుగుతుందని అంచనా. వ్యయాన్ని సాధారణ రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తున్నాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాల్లో కేంద్రం వాటా 90 పాళ్లు. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం ఈ పథకానికి 9,406 కోట్ల రూపాయలు కేటాయించింది. ఈ మొత్తాన్ని 55 కోట్ల మందికి పంచి చూస్తే కేంద్రం వాటా తలకు ఏడాదికి సుమారు 170 రూపాయలు.

పరిమితి పెరిగితే సరిపోతుందా?

రాష్ట్రాలు తమ పరిమితులను ఇంకా పెంచుకుంటూ పోయాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షల రూపాయలకు పెంచాయి. పథకం తొలినాళ్లలో ఈ పరిమితి 2 లక్షలు. ప్రజలను ఆకట్టుకునే అంకె ఇదే కనుక రాజకీయ చర్చ అంతా దీని చుట్టూనే తిరుగుతున్నది.

అయితే ఖజానా భారాన్ని నిర్ణయించేది ఈ అంకె ఒక్కటే కాదు. 25 లక్షల దాకా ఖర్చయ్యే జబ్బులు అరుదు. బడ్జెట్‌ను కరిగించేవి ఏటా లక్షల సంఖ్యలో జరిగే సాధారణ చికిత్సలు, నిరంతరం సాగే డయాలిసిస్, క్యాన్సర్ చికిత్సలు. ఎన్ని చికిత్సలను జాబితాలో చేర్చారు, ఒక్కొక్క దానికి ఎంత రేటు నిర్ణయించారు, ఎంతమంది వాడుకుంటున్నారు, అవసరం లేని శస్త్రచికిత్సలను ఎంత సమర్థంగా అడ్డుకుంటున్నారు - ఈ నాలుగింటి మీదే అసలు లెక్క ఆధారపడి ఉంటుంది. పరిమితి కాగితం మీద పెరిగి, జిల్లాలో ఆ చికిత్స చేసే ఆసుపత్రి లేకపోతే రోగికి ఒరిగేది లేదు. ఆసుపత్రి ఉండీ బిల్లు సకాలంలో చెల్లించకపోతే అసలుకే మోసం.

బకాయిల చిక్కుముడి

ఇటువంటి పథకాలను నడపడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. బీమా పద్ధతిలో ప్రభుత్వం కుటుంబానికి ఇంతని ప్రీమియం చెల్లిస్తుంది. ఖర్చు పెరిగితే నష్టం బీమా సంస్థది. దీనివల్ల ఖజానాకు ఖర్చు ముందే తెలుస్తుంది గాని, లాభం కోసం క్లెయిములను తిరస్కరించే ధోరణికి ఆస్కారం ఏర్పడుతుంది. ట్రస్టు పద్ధతిలో ప్రభుత్వమే నేరుగా ఆసుపత్రులకు చెల్లిస్తుంది. రోగి పట్ల ఉదారంగా ఉండవచ్చు, మధ్యవర్తి లాభం మిగులుతుంది; కానీ బిల్లులు ఎంత వస్తాయో ముందుగా తెలియదు. ఆదాయం తగ్గిన ఏడాది చెల్లింపులు వాయిదా పడతాయి, బకాయిలు తడిసి మోపెడవుతాయి.

బకాయి అంటే ప్రభుత్వం ఆసుపత్రి నుంచి వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు వంటిది. కార్పొరేటు ఆసుపత్రి ఆ జాప్యాన్ని నగదు చెల్లించే రోగుల ఆదాయంతో కొంతకాలం సర్దుకోగలదు. జిల్లా కేంద్రంలో 50 పడకలతో నడిచే ఆసుపత్రికి అది సాధ్యం కాదు. జీతాలు, మందుల సరఫరాదారుల బిల్లులు ఆగిపోతాయి. అప్పుడు పథకం రోగులకు పడకలు ఖాళీ లేవని చెప్పడమో, పరీక్షల పేరిట అదనంగా వసూలు చేయడమో మొదలవుతుంది. పథకం రద్దు కాదు, దానిపై ఏ ప్రకటనా వెలువడదు. కానీ హామీ మాత్రం లోలోపల తరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో 2.5 లక్షల రూపాయల వరకు బీమా, అంతకు మించితే ట్రస్టు అనే మిశ్రమ విధానానికి ఆమోదం తెలపడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. భారాన్ని ముందే అంచనా వేసుకోవాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. క్లెయిముల తిరస్కరణపై గట్టి నిఘా ఉన్నప్పుడే అది రోగికి మేలు చేస్తుంది.

దుర్వినియోగం మరో తలనొప్పి. జన ఆరోగ్య యోజనపై 2023లో వెలువడిన కాగ్ నివేదిక, ఒకే మొబైల్ నంబరుతో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదైన తీరును ఎత్తిచూపింది. లబ్ధిదారుల ధ్రువీకరణకు మొబైల్ నంబరు ఆధారం కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఏమైనా, ప్రజాధనం కోట్లాది బిల్లుల రూపంలో ప్రవహించే చోట తనిఖీ వ్యవస్థ మీద పెట్టే రూపాయి వృథా వ్యయం కాదని ఆ నివేదిక స్పష్టం చేసింది.

ఇరుగుపొరుగు పాఠాలు

అందరికీ వైద్యం సంపన్న దేశాలకే సాధ్యమన్న వాదనకు థాయ్‌లాండ్ గట్టి సమాధానం. ఆసియా ఆర్థిక సంక్షోభం నుంచి తేరుకుంటున్న దశలోనే, 2002లో, ఆ దేశం సార్వత్రిక ఆరోగ్య రక్షణను చట్టబద్ధం చేసింది. ఒక్కో చికిత్సకు రోగి 30 బాత్‌లు చెల్లిస్తే చాలన్న నినాదంతో మొదలైన పథకం నేడు జనాభాలో నాలుగింట మూడు వంతుల మందికి వర్తిస్తున్నది. 2000 ప్రాంతంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో మూడో వంతుగా ఉన్న ప్రజల సొంత ఖర్చు, ఇప్పుడు పదో వంతు దరిదాపులకు దిగివచ్చింది.

ఈ విజయం వెనుక రెండు మౌలిక కారణాలున్నాయి. మొదటిది, పథకానికి రెండు మూడు దశాబ్దాల ముందు నుంచే థాయ్‌లాండ్ జిల్లా ఆసుపత్రులను నిర్మించుకుంది. కొత్త వైద్యులు గ్రామీణ ప్రాంతాల్లో పనిచేయడాన్ని తప్పనిసరి చేసింది. రెండవది, చెల్లింపు విధానం. బయటి రోగుల వైద్యానికి తలకు ఇంతని ఆసుపత్రుల యంత్రాంగానికి ముందే నిధులు అందుతాయి. లోపలి రోగుల చికిత్సకు వ్యాధి తీవ్రతను బట్టి, ఒక మొత్తం బడ్జెట్‌కు లోబడి చెల్లిస్తారు. ఎక్కువ శస్త్రచికిత్సలు చేస్తే ఎక్కువ ఆదాయం అన్న ఆశకు అక్కడ తావు తక్కువ. కొత్త మందును పథకంలో చేర్చే ముందు, దాని ధరకు తగిన ప్రయోజనం ఉందా అని నిపుణులు లెక్కగడతారు. అయినా, చెల్లించే రేట్లు చాలడం లేదన్న ఫిర్యాదు అక్కడి ఆసుపత్రుల నుంచీ వినిపిస్తూనే ఉంది. అంటే సుస్థిరత ఒకసారి సాధించి అటకెక్కించే వస్తువు కాదు. ఏటేటా బేరీజు వేసుకోవలసిన సమతూకం.

శ్రీలంకది మరో అనుభవం. 1951 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం అందిస్తూ, మాతాశిశు మరణాల తగ్గింపులో దక్షిణాసియాకే ఆదర్శంగా నిలిచిన దేశమది. అటువంటి వ్యవస్థ 2022లో విదేశీ మారక ద్రవ్య సంక్షోభం రాగానే మందుల కొరతతో అల్లాడింది. అక్కడ వినియోగించే ఔషధాల్లో అత్యధిక భాగం దిగుమతులే కావడంతో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి; భారత్ అత్యవసరంగా ఔషధాలు పంపవలసి వచ్చింది. మొత్తం ఆర్థిక వ్యవస్థ కుదేలైతే ఎంత చక్కని ఆరోగ్య వ్యవస్థ అయినా ఒంటరిగా నిలబడలేదన్నది ఆ పాఠం. ఔషధాల తయారీలో భారతదేశానికున్న బలం ఎంత విలువైనదో కూడా అది గుర్తుచేసింది.

గోటితో పోయేది గొడ్డలి దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం ఈ మొత్తం చర్చకు నిలువుటద్దం. కొబ్బరి, జీడితోటల మధ్య ఉన్న ఆ పల్లెల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. డయాలిసిస్ మొదలైన రోగికి వారానికి రెండు మూడు సార్లు, అంటే ఏడాదికి వంద నుంచి నూటయాభై సార్లు చికిత్స జరగాలి. ఒక్క వారం తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి కేంద్రాల్లో ఉచిత డయాలిసిస్, రోగులకు పింఛను, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి, ఊళ్లకు రక్షిత మంచినీటి పథకం - ఇవన్నీ ప్రభుత్వం వెచ్చిస్తున్న ప్రజాధనమే. ఇటువంటి రోగికి చెల్లింపుల జాప్యం ఒక పద్దుల సమస్య కాదు, జీవన్మరణ సమస్య. వ్యాధిని మొదటి దశలోనే గుర్తించి, రక్తపోటును అదుపులో ఉంచగలిగితే డయాలిసిస్ అవసరాన్ని చాలామందిలో ఏళ్ల తరబడి వెనక్కి నెట్టవచ్చు. ఆ పని జరగవలసింది కార్పొరేటు ఆసుపత్రిలో కాదు, ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో.

దేశవ్యాప్తంగానూ పరిస్థితి ఇదే దిశగా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో సాగి, 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. వీరికి నెలనెలా కావలసినవి చవకైన మాత్రలు, అప్పుడప్పుడు పరీక్షలు. అవి అందకపోతే గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం రూపంలో అదే రోగి రేపు ఆరోగ్యశ్రీ బిల్లుగా తిరిగివస్తాడు. అయినా పెద్ద పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చునే భరిస్తున్నాయి. ప్రజల సొంత ఖర్చులో పెద్ద వాటా మాత్రం మందులదీ, బయటి రోగులుగా తీసుకునే వైద్యానిదీ. గోటితో పోయే దానిని గొడ్డలి దాకా తెచ్చుకుని, ఆ గొడ్డలి ఖరీదును గురించి వగచడం వంటిదే ఇది.

దేశంలో లక్షన్నరకు పైగా ఉన్న ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ కలిసి రక్తపోటు చూసి, మాత్రలు ఇచ్చి, మానేసినవారి ఇంటికి వెళ్లి గుర్తుచేయగలిగితే ఖజానాకు మిగిలేది అంతా ఇంతా కాదు. మందుల కొనుగోలులో 1994లో ఏర్పాటైన తమిళనాడు వైద్య సేవల సంస్థ చూపిన దారి, జనరిక్ మందులు విక్రయించే జన ఔషధి కేంద్రాల విస్తరణ కూడా ఈ పొదుపులో భాగమే.

నిధుల దారి

నిధులకు మంత్రదండమేదీ లేదు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి కేటాయించాలని జాతీయ ఆరోగ్య విధానం, 15వ ఆర్థిక సంఘం రెండూ సూచించాయి. చాలా రాష్ట్రాలు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. ప్రభుత్వ ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే దక్కాలన్నది ఆ సంఘం మరో సిఫారసు. స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 2021-26 మధ్య 70,051 కోట్ల రూపాయల గ్రాంట్లనూ అది ప్రతిపాదించింది. ఆరోగ్య, విద్యా సెస్సు రూపంలో 2018 నుంచి ఆదాయపు పన్నుపై 4 శాతం వసూలవుతున్నది. అందులో ఆరోగ్యం వాటాకు 2021లో ప్రత్యేక నిధి ఏర్పాటైంది. పొగాకు, మద్యంపై వేసే పన్నులో కొంత భాగాన్ని ఆరోగ్య ప్రచారానికే కేటాయించే థాయ్‌లాండ్ పద్ధతీ పరిశీలించదగినదే.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ రద్దు కావడం మధ్యతరగతికి ఊరట. అయితే అందరికీ ఆరోగ్య రక్షణ అన్న లక్ష్యాన్ని వ్యక్తిగత బీమా నెరవేర్చలేదు. ఆరోగ్యవంతులకు చవకగానూ, వృద్ధులకూ రోగులకూ ఖరీదుగానూ ఉండటం వ్యక్తిగత బీమా స్వభావం. అందరి పన్నులనూ ఒకే కుండలో పోసి, అవసరమైన వారికి తోడి ఇచ్చే పద్ధతికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

కాలం కూడా ఒత్తిడి తెస్తున్నది. 2022లో సుమారు 15 కోట్లుగా ఉన్న 60 ఏళ్లు పైబడిన వారి సంఖ్య 2050 నాటికి దాదాపు 35 కోట్లకు చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. జననాల రేటు ఇప్పటికే బాగా తగ్గిన దక్షిణాది రాష్ట్రాలకు ఈ భారం ముందుగా వస్తుంది. పన్ను చెల్లించే చేతులు తగ్గి, వైద్యం కోరే చేతులు పెరిగే నాటికి వ్యవస్థ సిద్ధంగా ఉండాలంటే పునాది ఇప్పుడే పడాలి.

ఈ దిశగా చేయదగినవి కొన్ని స్పష్టంగానే ఉన్నాయి. పరిమితి పెంచే ప్రతి ప్రకటనతోపాటు దానికి ఏటా కాగల ఖర్చునూ, ఆ నిధుల మూలాన్నీ చట్టసభ ముందు ఉంచడం మొదటిది. నెట్‌వర్క్ ఆసుపత్రులకు నిర్ణీత గడువులోగా చెల్లింపు, గడువు దాటితే వడ్డీ అన్న నియమాన్ని అమలు చేయడం రెండవది. మధుమేహం, రక్తపోటు మందులను ఉపకేంద్రం స్థాయిలో ఏడాది పొడవునా అందుబాటులో ఉంచడం మూడవది. ప్రభుత్వ ఆసుపత్రులకు పథకం నిధులు చేరి, ఆ సొమ్ము అక్కడే పరికరాలకూ సిబ్బందికీ వినియోగపడేలా చూడడం నాలుగవది. ఈ నాలుగింటిలో ఏదీ ఎన్నికల సభలో చప్పట్లు కొట్టించే అంశం కాదు. కానీ రోగి ఆసుపత్రి గుమ్మంలో నిలబడినప్పుడు హామీని నిలబెట్టేవి ఇవే.

సార్వత్రిక వైద్యం ఆర్థికంగా నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దేశ సంపదలో కన్నా, ఆ సంపదను ఖర్చుపెట్టే క్రమంలో ఎక్కువగా ఉంది. ఆసుపత్రికి చేరకముందే జబ్బును పట్టుకోవడం, కొన్న వైద్యానికి వేళకు డబ్బు చెల్లించడం, చెల్లించగలిగినంతే వాగ్దానం చేయడం - ఈ మూడూ పాటించిన చోట మధ్యస్థ ఆదాయ దేశం సైతం తన ప్రజలకు అండగా నిలిచింది. వాటిని విస్మరిస్తే కార్డు మీద అంకె ఎంత పెద్దదైనా, అది రోగి చేతిలో కాగితంగానే మిగులుతుంది.